పచ్చ

పెదమేట లంకలో ఇసుక గట్టిపడాలని
మూడు లారీల కొబ్బరిపొట్టు పోసి తడిపారు ఆ ఏడాది.
తొమ్మిది పందేల సీజను. ఎనిమిది అయ్యేసరికి
ఓలేటి నూకరాజుకీ గుత్తుల తాతాజీకీ
నూట నలభై రెండేసి పాయింట్లు.
తొమ్మిదోది వశిష్ఠ సన్నబడి
అవతలి ఒడ్డు మేకలు నడిచొచ్చే రోజుల్లో.

నేను జెండాల మనిషిని.
ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు చెప్పాను గదా,
ఈలా స్టాప్‌వాచీ ఉన్నాయి, చాలన్నారు.
మూడు జెండాలిచ్చారు. గళ్ళది ఆఖరికి.
మిగిలిన రెండూ పచ్చవే.
పసుపుపచ్చ లేస్తే ఎవడూ ఎవణ్ణీ దాటకూడదు.
ఆకుపచ్చ లేస్తే ఎవడి ప్రాణం వాడి చేతిలో.

ఇరవై చుట్లలో పదహారు నూకరాజువే.
రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా కాసి కొన్న బండి.
పదిహేడో చుట్టులో మోరి మలుపు దగ్గర
ఎవరో పల్టీ కొట్టాడు,
బండిని లాగడానికి ట్రాక్టరు దారిలోకి దిగింది.
పసుపు ఎత్తాను.
ట్రాక్టరు వెనకాల అందరూ చీమల బారు.
ఆ సందులో తాతాజీ పక్కకి తిరిగి
కొత్త టైరు ఎక్కించుకొచ్చాడు. తప్పు కాదు, రూలుంది.
నూకరాజు ఆగితే చోటు పోతుంది,
ఆగకపోతే పట్టు పోతుంది.
ఆగలేదు.

"పందెమా ఇది, పెళ్ళి ఊరేగింపా!" అని జనం ఈలలు.
పంతొమ్మిదీ అయిపోవస్తోంది.
మైకులో ప్రెసిడెంటుగారి గొంతు పీచుపీచుగా:
"పచ్చ, మేష్టారూ! పచ్చ!"

ఏ పచ్చ?

నిమ్మపండూ పచ్చే, వరినారూ పచ్చే,
కామెర్లొచ్చినవాడి కన్నూ పచ్చే మనకి.
ట్రాక్టరు వెనక చక్రం ఇంకా దారిలోనే ఉంది.
చూశాను.
చెయ్యి లేచింది.

నిమిషం పన్నెండు సెకన్లు.
మోరి మలుపులో కొత్త టైరు ఇసుకని కరిచింది,
అరిగింది జారింది. అంతే.

ఐదువందలు కట్టి నూకరాజు కాగితం పెట్టాడు.
తాటాకు పందిట్లో, జనరేటరు మోతలో
రాత్రి పదిన్నర దాకా కూర్చుంది కమిటీ.
అరిటికాయ బజ్జీలు రెండుసార్లు వచ్చాయి.
"పచ్చ అన్నారు, పచ్చ ఎత్తాడు, ఇందులో తగువేంటండీ?"
రిజిస్టర్లో రాశారు:
మానవ పొరపాటు. ఫలితం మారదు.
కింద నా సంతకం.
ఐదువందలు తిరిగివ్వలేదు.

తరవాత చాన్నాళ్ళు పంటు మీద
ఆ ఊరి బండికి ఈ ఊరివాళ్ళు జరగలేదు.
తాతాజీ కప్పు వాళ్ళ ఫ్యాన్సీ షాపులో అద్దాల వెనక పెట్టాడు.
వచ్చిన ప్రతివాడూ "నిజంగా గెలిచావా" అని అడగబోయి
దువ్వెన కొనుక్కుని వెళ్ళేవాడు.
ఇప్పుడందులో చిల్లర వేస్తున్నారు.
ఆగస్టు వరద మోరి మలుపుని కోసుకుపోయింది.
పందేలు లేవు.

ప్రెసిడెంటుగారు ఏ పచ్చ అన్నారో
ఆయన్ని ఎవరూ అడగలేదు.
ఏది వినాలనుకున్నావని నన్నూ అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణేమో:
ముప్పయ్యేళ్ళు పిల్లల్ని వరసలో నడిపించినవాణ్ణి,
ఒక్కసారి వరస తెగితే చూడాలనిపించిందని.

నిన్న సఖినేటిపల్లి రేవులో కనబడ్డాడు నూకరాజు.
ఐసు పెట్టెల ఆటో తోలుతున్నాడు.
"బాగున్నారాండీ మేష్టారూ" అన్నాడు.
కాసేపాగి,
"ఆ గోలలో మీకు సరిగ్గా వినబడుండదు లెండి" అన్నాడు,
టీ గ్లాసు అందించినట్టు.
అందుకున్నాను.

పంటు ఒడ్డుకి తగిలింది.
బళ్ళన్నీ ఒక్కసారి గర్జించాయి.
గొలుసు విప్పే కుర్రాడు ఎందుకో నావైపు చూశాడు.
జేబులోంచి చెయ్యి తియ్యలేదు నేను.